పులిరాజా గుర్తున్నాడు, ఆస్పత్రి దారి గుర్తుందా?

సుఖవ్యాధుల గురించి, ఎయిడ్స్ గురించి యువతకు తెలియజెప్పాలని ప్రభుత్వాలూ, స్వచ్ఛంద సంస్థలూ ఎన్నో ప్రచారాలు చేశాయి. గోడల మీద రాయించాయి, టీవీలో ప్రకటనలు వేయించాయి, కాలేజీల్లో రెడ్ రిబ్బన్ క్లబ్బులు పెట్టించాయి, చివరికి రైలు కూడా నడిపించాయి. వీటికి ఖర్చయిన ధనం కొంచెమేమీ కాదు. మరి ఇన్నింటిలో ఏది పనిచేసింది, ఏది చేయలేదు? ఈ లెక్క అధికారులు చూసుకుంటారులే అని మనం ఊరుకుంటాం. కాని ఆ ప్రచారాలన్నీ మన పిల్లలను ఉద్దేశించినవే. కాబట్టి ఆ లెక్క అడగవలసిన వారిలో తల్లిదండ్రులు కూడా ఉన్నారు.

ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఇలాంటి విషయమా అని కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చు. లజ్జ మంచి గుణమే. కాని ధర్మాన్ని, దేహాన్ని గురించి తెలుసుకోవడంలో సిగ్గు అడ్డు రాకూడదు. మదీనాలోని అన్సారు స్త్రీలు ఇలాంటి సంగతులు అడిగి తెలుసుకోవడానికి సంకోచించలేదని హజ్రత్ ఆయిషా (ర.అ.) వారిని మెచ్చుకున్న విషయం మనకు తెలిసిందే. ఆ ధైర్యంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అందరికీ గుర్తున్న ప్రకటన

మన దేశంలో హెచ్‌ఐవీ మొదట బయటపడింది 1986లో, చెన్నైలో. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 1992లో ఏర్పడింది. తర్వాత పదేళ్ళకు ముంబయిలో ‘బల్బీర్ పాషాకు ఎయిడ్స్ వస్తుందా?’ అంటూ పెద్ద పెద్ద బోర్డులు వెలిశాయి. పేరులో సగం ఒక మతానిది, సగం మరో మతానిది. వాడు మావాడు కాదులే అనుకునే వీలు ఎవరికీ లేకుండా పోయింది. అదే పద్ధతిలో ఆంధ్రప్రదేశ్‌లో 2003 ప్రాంతంలో ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అనే ప్రశ్న ఊరూరా కనిపించింది. బళ్ళారి నుంచో, హోసూరు నుంచో, బరంపురం నుంచో ఆ రోజుల్లో ఆంధ్రాకు పెళ్ళికి వెళ్ళిన వారెవరైనా ఆ బోర్డు చూసే ఉంటారు.

ఇరవై ఏళ్ళు దాటినా పులిరాజా పేరు జనం మరిచిపోలేదు. ప్రకటనలు తయారు చేసే వారి దృష్టిలో ఇది ఘనవిజయమే. నిజానికి దానివల్ల ఒక మేలు కూడా జరిగింది. అంతకు ముందు గుసగుసగా కూడా అనని మాటను జనం బస్టాండులో నిలబడి అనగలిగారు. ఆ మేలును కాదనకూడదు.

అయితే ఆ ప్రశ్నకు జవాబు ఏమిటో ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది? ఎవరినైనా అడిగి చూడండి. పులిరాజా అనగానే నవ్వుతారు. కుర్రకారు దాన్ని ఒకరినొకరు ఏడిపించుకునే మాటగా మార్చేసుకున్నారు. ఎయిడ్స్ అంటే ఎవడో పులిరాజాకు వచ్చేది, నాకు కాదు అనే భావం లోపల అలాగే మిగిలింది. ముంబయి ప్రకటనల్లో జబ్బు అంటించేది ఆడదే అన్నట్టు చూపించారని స్త్రీల తరఫున పనిచేసేవారు అభ్యంతరం చెప్పారు. పైగా రెండు ప్రకటనలూ మగవాడితో మాట్లాడినవే. రేపు అతనికి భార్యగా రాబోయే అమ్మాయితో ఎవరూ మాట్లాడలేదు. భర్త ద్వారా జబ్బు అంటించుకుని, గర్భిణిగా పరీక్షకు వెళ్ళినప్పుడు మాత్రమే ఆ సంగతి తెలుసుకునే స్త్రీలు మన దేశంలో ఎందరో ఉన్నారు.

ఎంతమంది చూశారు అన్నది లెక్క కాదు

2007 డిసెంబరు 1న ఢిల్లీ నుంచి రెడ్ రిబ్బన్ ఎక్స్‌ప్రెస్ అనే రైలు బయలుదేరింది. స్టేషను స్టేషనులో ఆగి ఎయిడ్స్ ప్రదర్శన చూపించింది. లక్షల మంది చూశారు. 2008లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలను దృష్టిలో పెట్టుకుని బీబీసీ వారి ట్రస్టు కండోమ్ అన్న మాటే పాటగా వినిపించే సెల్‌ఫోన్ రింగ్‌టోన్ విడుదల చేసింది. దాన్నీ జనం తెగ దించుకున్నారు. ఈ రెంటి గురించీ మనకు గొప్పగా చెప్పింది ఎంతమందికి చేరాయన్న సంఖ్యే.

వైద్యుడి లెక్క వేరు. రోగి మందు సీసా కొన్నాడా అని వైద్యుడు చూడడు, జ్వరం తగ్గిందా అని చూస్తాడు. ప్రచారాన్నీ అలాగే మెట్టు మెట్టుగా చూడాలి. విన్నారా? అర్థం చేసుకున్నారా? నడవడిక మారిందా? అవసరమైనప్పుడు వైద్యానికి వచ్చారా? చివరికి జబ్బు తగ్గిందా?

రెండో మెట్టు సంగతి చూద్దాం. ఎయిడ్స్ పేరు వినడం ఒకటి, దాన్ని సరిగా తెలుసుకోవడం మరొకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దీనికి ఒక కొలత పెట్టుకుంది. జబ్బు ఎలా రాకుండా చూసుకోవచ్చో తెలియాలి, ఆరోగ్యంగా కనిపించే మనిషిలో కూడా హెచ్‌ఐవీ ఉండవచ్చని తెలియాలి, దోమకాటు వల్ల వస్తుంది వంటి అపోహలు ఉండకూడదు. ఇవన్నీ ఉంటేనే సమగ్ర అవగాహన ఉన్నట్టు. 2015-16 సర్వేలో ఇలాంటి అవగాహన ఉన్న స్త్రీలు 20.9 శాతం, పురుషులు 32.3 శాతం. 2019-21 సర్వేలో స్త్రీలు 21.6 శాతం, పురుషులు 30.7 శాతం. అంటే ముక్కు మీద వేలేసుకోవలసిందే. పేరు విననివారు తక్కువ, పూర్తిగా తెలిసినవారూ తక్కువే.

మరి జబ్బు తగ్గలేదా? తగ్గింది. 2000 నుంచి 2004 వరకు మన దక్షిణాది రాష్ట్రాలతో పాటు మహారాష్ట్రలోనూ 15-24 ఏళ్ళ గర్భిణులలో హెచ్‌ఐవీ 1.7 శాతం నుంచి 1.1 శాతానికి దిగిందని 2006లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. పడుపువృత్తిలో ఉన్న స్త్రీల దగ్గరకు వెళ్ళే మగవారిలో జబ్బు తగ్గడం, అక్కడ కండోమ్ వాడకం పెరగడం దీనికి కారణం కావచ్చునని ఆ పరిశోధకులు భావించారు. 2023 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవారిలో హెచ్‌ఐవీ ఉన్నవారు 0.20 శాతం. కొత్తగా సోకే కేసులు 2010తో పోలిస్తే సుమారు 44 శాతం తగ్గాయి. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తుండటం కూడా ఇందుకు తోడ్పడింది. అయినా కర్ణాటక, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇది ఇంకా దేశ సగటు కంటే ఎక్కువే.

గమనించండి. జబ్బు తగ్గించినవి మనిషి మనిషిని కలిసి చెప్పడం, పరీక్ష అందుబాటులో పెట్టడం, మందు ఉచితంగా ఇవ్వడం. గోడ మీది నినాదం వీటికి తోడు మాత్రమే. ఆఫ్రికాలోని టాంజానియాలో మ్వాంజా ప్రాంతంలో 1999 నుంచి బడిపిల్లలకు పాఠాలు చెప్పి, ఏళ్ళ తరబడి ఫలితం చూశారు. పిల్లల తెలివిడి పెరిగింది. హెచ్‌ఐవీ మాత్రం తగ్గిన దాఖలా కనిపించలేదు. తెలియడం మొదటి మెట్టే, ఇల్లు కాదు.

గోడ మీదే మరో ప్రచారం

యువత కోసం మన వీధుల్లో ఇంకో ప్రచారం కూడా నడుస్తోంది. దాన్ని ఏ ప్రభుత్వమూ నడపడం లేదు. మూత్రశాలల గోడల మీద, రైలు పట్టాల వెంట, ఇప్పుడైతే సెల్‌ఫోనులో కనిపిస్తుంది. గుప్తరోగాలు, నరాల బలహీనత, చిన్నతనపు చెడు అలవాట్లు, ఒక్క కోర్సులో గ్యారంటీ అంటుంది. కొందరు దానికి యునానీ పేరు కూడా తగిలిస్తారు. ఈ విద్య చదువుకున్నవాడిగా నాకు బాధ కలిగించేది అదే.

ఈ ప్రకటనలకు సర్కారు ప్రకటనల కంటే ఎక్కువ మంది యువకులు ఎందుకు లొంగుతున్నారు? వాటిని శ్రద్ధగా చదివితే తెలుస్తుంది. కుర్రవాడి మనసులో ఉన్న భయానికి అవి ఒక పేరు పెడతాయి. ఎక్కడికి రావాలో, ఏ రోజు, ఏ లాడ్జిలో, ఏ గదిలో చెబుతాయి. విషయం గోప్యంగా ఉంచుతామని మాట ఇస్తాయి. సర్కారు పోస్టరు మాత్రం ‘జాగ్రత్త’ అని చెప్పి ఊరుకుంటుంది. తెల్లవారితే ఆ అబ్బాయి ఎక్కడికి వెళ్ళాలి? ఆ జవాబు మోసగాడి పోస్టరులో ఉంది, మంచివాడి పోస్టరులో లేదు. మన ప్రచారాల అసలు లోపం ఇదే.

ఇలాంటి ప్రకటనలను అరికట్టడానికి 1954లోనే డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం వచ్చింది. దాన్ని హమ్‌దర్ద్ దవాఖానా సుప్రీంకోర్టులో సవాలు చేసింది. 1959లో కోర్టు చట్టంలో కొన్ని భాగాలను కొట్టివేసినా, జనం ప్రకటనలు చూసి సొంత వైద్యం చేసుకోకుండా కాపాడాలన్న ఉద్దేశాన్ని సమర్థించింది. లైంగిక శక్తి పెంచుతామని, సుఖవ్యాధులు నయం చేస్తామని మందులను ప్రకటించడం నేటికీ నేరమే.

ఇక్కడ యునానీ మాట స్పష్టంగా చెప్పాలి. పెళ్ళికాని కుర్రవాడికి అప్పుడప్పుడు నిద్రలో వీర్యం పోవడం (ఇహ్‌తిలామ్) రోగం కాదు. అది తబియత్ చేసుకునే పని. ఒక బొట్టు వీర్యానికి ఇన్ని బొట్ల రక్తం ఖర్చు అనే లెక్క వట్టి మాట. మని అనేది ఆహారపు చివరి జీర్ణదశలో రక్తం నుంచి తయారవుతుందని పాత గ్రంథాలు అన్నాయి. దాన్ని పట్టుకుని డేరా వైద్యులు రక్తం కారిపోతోందని బెదిరించి, పేరు తెలియని కుష్తాలు మింగిస్తారు. సరిగా శుద్ధి చేయని కుష్తాలో పాదరసం, సీసం వంటివి మిగిలిపోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

మానిపోయిన పుండు మాయ

సూజాక్ (సెగరోగం), ఆతషక్ (సవాయి) అనే జబ్బుల విషయంలో ఈ మోసం మరీ ప్రమాదం. ఆతషక్‌లో మొదట వచ్చే పుండుకు నొప్పి ఉండదు. మందు వేసినా వేయకపోయినా కొన్ని వారాల్లో అదే మానిపోతుంది. ఆ మానడం తన పొట్లాల మహిమ అని డేరావాడు చెప్పుకుంటాడు. జబ్బు మాత్రం లోపలికి దిగుతుంది. ఏళ్ళ తర్వాత గుండెకో, మెదడుకో తగులుతుంది. గర్భిణికి ఉంటే బిడ్డ కడుపులోనే పోవచ్చు.

కొన్నేళ్ళ కిందట ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. దూరపు ఊళ్ళో పనిచేసేవాడు. నికాహ్‌కు ఇంకా నెల రోజులుంది. ‘హకీం సాబ్, తాకత్‌కు ఏదైనా మాజూన్ ఇవ్వండి’ అన్నాడు. మాటల్లో పెడితే, ఎనిమిది నెలల కిందట పుండు వచ్చిందనీ, డేరా మందుతో మానిందనీ చెప్పాడు. ‘బేటా, మాజూన్ సంగతి తర్వాత. ముందు రక్తపరీక్ష చేయించుకుని రా’ అని సర్కారు ఆస్పత్రికి పంపాను. వీడీఆర్ఎల్ పాజిటివ్ వచ్చింది. పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. హెచ్‌ఐవీ పరీక్షలో ఏమీ లేదని తేలింది. పెద్దలతో ఏదో సాకు చెప్పి నికాహ్ కొన్ని నెలలు వాయిదా వేసుకున్నాడు. డాక్టర్లు సరేనన్నాకే పెళ్ళి జరిగింది. ‘నీ ఊళ్ళో ఎయిడ్స్ బోర్డులు చూడలేదా?’ అని అడిగాను. ‘చూశాను సాబ్, కాని అందులో పుండు గురించి లేదు. ఎక్కడికి పోవాలో లేదు’ అన్నాడు.

పూర్వం మా విద్యలో ఆతషక్‌కు చోబ్‌చీనీ, రసకర్పూరం ఇచ్చేవారు. 1943లో పెన్సిలిన్‌తో ఈ జబ్బు నయమవుతుందని రుజువైంది. ఆ తర్వాత కూడా పాత మందుల దగ్గరే ఆగిపోవడం హిక్‌మత్ కాదు. సూజాక్, ఆతషక్, హెచ్‌ఐవీ ఏవి అనుమానం వచ్చినా నా సలహా ఒక్కటే: ముందు సర్కారు ఆస్పత్రి. జీర్ణశక్తికి, నిద్రకు, తర్వాతి నీరసానికి యునానీ తోడుంటుంది.

మన దగ్గరే ఉన్న పాఠం

2005 నుంచి కేంద్రం బడుల్లో కౌమార విద్య కార్యక్రమం తెచ్చింది. అందులోని బొమ్మలు, మాటలు తగవని 2007లో మహారాష్ట్ర, కర్ణాటక సహా పలు రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. అభ్యంతరంలో కొంత న్యాయం ఉండవచ్చు. కాని పాఠం సరిదిద్దడానికి బదులు పుస్తకం మూసేస్తే పిల్లవాడి ప్రశ్న మూతపడదు, గోడ మీది పోస్టరు దగ్గరకు వెళుతుంది. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో 11 అంశాలున్నాయి. ఎదుగుదల, హెచ్‌ఐవీ నివారణ కూడా అందులో ఉన్నాయి. మీ పిల్లల బడిలో అది ఎలా చెబుతున్నారో అడిగి తెలుసుకోండి.

నిజానికి ఈ పాఠం మన సముదాయానికి కొత్త కాదు. బాలిగ్ అయిన పిల్లలకు గుస్ల్ ఎప్పుడు విధి, ఇహ్‌తిలామ్ అయితే ఏం చేయాలి, హైజ్ రోజుల నియమాలేమిటి అని మక్తబ్‌లో ఉస్తాద్‌లు, ఇంట్లో నానీ దాదీలు చెబుతూనే వచ్చారు. ఫిఖ్‌హ్ ఇహ్‌తిలామ్‌ను రోగమని అనలేదు, స్నానం చేయమంది. ఈ ఒక్క సంగతిని ఉస్తాద్ గట్టిగా చెబితే చాలు, సగం డేరాలు మూతపడతాయి. అమ్మాయిలకు కూడా నెలసరికి ముందు కొద్దిగా కనిపించే తెల్లబట్ట సహజమనీ, దుర్వాసన, దురద, రంగు మార్పు ఉంటేనే చూపించుకోవాలనీ తల్లి చెప్పవచ్చు.

మనకున్న చిక్కు మాటల దగ్గర వస్తుంది. ఇంట్లో తెలుగు, మసీదులో ఉర్దూ, బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. బడిలో విన్న మాట తల్లికి తెలియదు, తల్లి అనే మాట పిల్లకు తెలియదు. అందుకని ప్రచారం మన ముంగిట్లో పోస్టరు అతికించినా మన ఇంట్లోకి రాదు. శరీర భాగాలకు, జబ్బులకు బడిలో ఏమంటారో పిల్లలనే అడిగి నేర్చుకోండి. మాట్లాడటానికి దారి అక్కడే దొరుకుతుంది.

మతపెద్దలు పూనుకుంటే ఏమవుతుందో ఉగాండా చూపించింది. అక్కడ ఇస్లామిక్ మెడికల్ అసోసియేషన్ 1992లో ఇమాములకు శిక్షణ ఇచ్చి ఇల్లిల్లూ తిరిగేలా చేసింది. మొదలుపెట్టే ముందు సర్వే చేసింది, రెండేళ్ళ తర్వాత మళ్ళీ చేసింది. తెలివిడి పెరిగిందనీ, ఎక్కువ మందితో సంబంధాలు తగ్గాయనీ తేలింది. కండోమ్ గురించి మొదట ఇమాములకు అభ్యంతరం ఉండేది, కూర్చుని మాట్లాడుకున్నాక దాని సంగతీ చెప్పారు. నికాహ్ బయట సంబంధం హరామ్ అని చెప్పడం మింబర్ పని. పొరపాటు చేసినవాడి ద్వారా ఏమీ ఎరగని భార్యకూ, పుట్టబోయే బిడ్డకూ జబ్బు సోకకుండా చూడటం వైద్యుడి పని. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు.

ప్రచారం వస్తే ఇవి అడగండి

మీ బడికి, మొహల్లాకు ఇలాంటి కార్యక్రమం ఏదైనా వస్తే జమాత్ పెద్దలు ఈ ఐదు ప్రశ్నలు అడగాలి.

1. జబ్బు లక్షణాలు, పరీక్ష, చికిత్స చెబుతున్నారా, లేక భయపెట్టి ఊరుకుంటున్నారా?

2. దగ్గరలోని ఆస్పత్రి పేరు, గది, సమయం చెబుతున్నారా?

3. అబ్బాయిలతో పాటు అమ్మాయిలతోనూ వేరుగా, స్త్రీ కార్యకర్త ద్వారా మాట్లాడుతున్నారా?

4. మన ఇళ్ళలో అర్థమయ్యే మాటల్లో ఉందా?

5. ఆరు నెలల తర్వాత ఎంతమంది పరీక్షకు, సలహాకు వచ్చారో చెబుతారా?

చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ ప్రచారం తన పని తాను కొలుచుకోలేదన్నమాట. ఇక్కడ పేర్లు అడగకూడదు, సంఖ్య మాత్రమే అడగాలి.

ఎక్కడికి వెళ్ళాలి

సర్కారు పెద్దాసుపత్రుల్లో సుఖవ్యాధుల చికిత్సకు సురక్షా క్లినిక్‌లు, హెచ్‌ఐవీ పరీక్షకు ఐసీటీసీ కేంద్రాలు ఉన్నాయి. పరీక్ష ఉచితం. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. 18 ఏళ్ళలోపు వారికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ప్రమాదం జరిగిందని అనుమానం ఉంటే 72 గంటల్లోపు ఆస్పత్రికి వెళితే హెచ్‌ఐవీని అడ్డుకునే మందులు ఇవ్వగలరు. మొదటి పరీక్షలో ఏమీ లేకున్నా మూడు నెలలకు మళ్ళీ చేయించుకోవాలి. సూజాక్, ఆతషక్ వచ్చినప్పుడు జీవిత భాగస్వామికి కూడా చికిత్స జరగాలి, లేకుంటే మళ్ళీ తిరిగి వస్తుంది.

10 నుంచి 19 ఏళ్ళ పిల్లల ప్రశ్నలకు ప్రభుత్వ కౌమార క్లినిక్‌లు ఉన్నాయి. కర్ణాటకలో వాటిని స్నేహ, మహారాష్ట్రలో మైత్రి, ఒడిశాలో శ్రద్ధా క్లినిక్‌లు అంటారు. తమిళనాడు, యానాం వాసులు సర్కారు ఆస్పత్రిలో కౌమార వైద్యం ఎక్కడని అడగండి. ఫోనులో అడగాలనుకుంటే నాకో వారి ఉచిత నంబరు 1097. పేరు చెప్పనక్కరలేదు.

ఈ వారం మీ మసీదు కమిటీ ఒక పని చేయవచ్చు. వుజూఖానా దగ్గర నమాజు వేళల పట్టిక ఉంటుంది కదా, దాని పక్కనే మీ ఊరి ఆస్పత్రి గది నంబరు, ఓపీ సమయం, 1097 రాసి పెట్టండి. స్త్రీలు చదువుకునే చోట కూడా ఒకటి పెట్టండి. నినాదాలు, బొమ్మలు అక్కరలేదు. అవసరమున్నవాడు ఎవరినీ అడగకుండానే చదువుకుని వెళతాడు.